వాది రాష్ట్రం, ప్రతివాది రాష్ట్రం – మరి మనం?

ఏలూరు పట్నంలో రెండు నదుల కాలువలు కలుస్తాయి. బెజవాడ నుంచి కృష్ణా కాలువ వస్తుంది. విజ్జేశ్వరం దగ్గర బయల్దేరిన గోదావరి కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా వస్తుంది. ఈ రెండు డెల్టాల మురుగూ, పైనుంచి వచ్చే తమ్మిలేరు, బుడమేరు నీళ్లూ కొల్లేట్లో పడి, ఉప్పుటేరు దారిన సముద్రంలో కలుస్తాయి. ఈ ప్రాంతపు కాలువ నీళ్లు రెండు పెద్ద అంతర్రాష్ట్ర తగాదాల మధ్య నుంచి వచ్చే నీళ్లు. కృష్ణ మహారాష్ట్రలో పుట్టి, కర్ణాటక, తెలంగాణ దాటి మన దాకా రావాలి. గోదావరి కూడా మహారాష్ట్రలోనే పుట్టి, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశా నీళ్లు కలుపుకొని రావాలి. తాడేపల్లిగూడెం ఆయకట్టులో దాళ్వా పండాలంటే సీలేరులో కరెంటు తీసి వదిలే నీళ్లు కావాలి. అక్కడ బలిమెల నీళ్లలో ఒడిశాతో మనకు పొత్తు.

అందుకే ఊడ్పులకు వెళ్లే కూలీలు కూడా, "కేసు ఢిల్లీలో ఉందంట గదా, ఈసారి దాళ్వాకి నీళ్లిస్తారా, ఇవ్వరా?" అని అడుగుతారు. అది చదువు లేని ప్రశ్న కాదు. దాళ్వా ఉంటే ఊడ్పు, కలుపు, కోత, నూర్పిడి ఉంటాయి. లేకపోతే మూటా ముల్లే కట్టుకుని వలస పోవాలి. పంట ఎండిపోతే రైతుకు నష్టం. అసలు పంటే వేయకపోతే కూలివాడికి పస్తు. ఎండిన పంటకు నష్టపరిహారం జాబితా అయినా రాస్తారు. వేయని పంటకు, దొరకని కూలికి ఏ జాబితా లేదు.

కాబట్టి రాష్ట్రాల మధ్య తగాదాలు దేశపు అత్యున్నత న్యాయస్థానంలో ఎలా తేలుతాయి, అందులో మన చోటు ఎక్కడ అన్నది వ్యవసాయ కార్మికులు తెలుసుకోవలసిన విషయం. అది వకీళ్లకు మాత్రమే వదిలేసే విషయం కాదు.

నేరుగా పెద్ద కోర్టుకే

ఊళ్లో ఇద్దరికి గట్టు తగాదా వస్తే కింది కోర్టులో మొదలవుతుంది. ఓడినవాడు జిల్లా కోర్టుకు, అక్కడినుంచి హైకోర్టుకు పోతాడు. రెండు రాష్ట్రాలకు తగాదా వస్తే ఈ మెట్లు లేవు. రాజ్యాంగం 131వ అధికరణం ప్రకారం రాష్ట్రానికీ రాష్ట్రానికీ, రాష్ట్రానికీ కేంద్రానికీ మధ్య చట్టబద్ధమైన హక్కు గురించి వచ్చే తగాదాను విచారించే అధికారం ఒక్క సుప్రీంకోర్టుదే. దావా అక్కడే మొదలు, అక్కడే ఆఖరు.

ఇది మంచి ఏర్పాటే. ఒక రాష్ట్రంలోని కోర్టు పక్క రాష్ట్రం మీద తీర్పు చెబితే ఎవరు వింటారు? బలమున్నవాడు తూములు బిగించేస్తే దిగువవాడు ఏం చేస్తాడు? పోలీసులను పెట్టి డ్యాముల మీద కొట్టుకునేకంటే కోర్టులో వాదించుకోవడం మేలు. ఇందులో మాకు ఏ సందేహమూ లేదు.

కాని ఈ దావాలో వాది ప్రభుత్వమే, ప్రతివాదీ ప్రభుత్వమే. రైతు కాడు, కౌలుదారు కాడు, కూలి కాడు. రాష్ట్రమే తన ప్రజలందరి తరఫున నిలబడుతుందని చట్టం అనుకుంటుంది. ఉమ్మడి కుటుంబం తరఫున పెద్దన్న కోర్టుకెక్కినట్టు. పెద్దన్న మంచివాడైతే గెలిచిన పొలంలో చిన్నవాళ్లకూ భాగం పెడతాడు. కాకపోతే? ఆ సంగతి ఆ దావాలో రాదు.

నదికి వేరే దారి

నదీజలాల విషయంలో రాజ్యాంగం మరో మెలిక పెట్టింది. 262వ అధికరణం ప్రకారం అంతర్రాష్ట్ర నదుల తగాదాలను తీర్చే పద్ధతిని పార్లమెంటు చట్టం చేసి నిర్ణయించవచ్చు. అలాంటి తగాదాల్లో సుప్రీంకోర్టుతో సహా ఏ కోర్టుకూ అధికారం లేకుండా చేయవచ్చు. ఆ ప్రకారమే 1956లో అంతర్రాష్ట్ర జలవివాదాల చట్టం వచ్చింది. రాష్ట్రం కేంద్రానికి ఫిర్యాదు చేయాలి. రాజీ కుదరకపోతే కేంద్రం ట్రిబ్యునలు వేయాలి. ఆ చట్టం 11వ సెక్షను కోర్టుల తలుపు మూసింది.

ఎందుకిలా? పొలం కొలిస్తే కొలతకు వస్తుంది. నది ఏటేటా ఒకలా ఉండదు. ఎన్నేళ్ల వాన లెక్క తీయాలి, ఎవరి పాత ఆయకట్టు ఎంత, ఎవరికి కొత్తగా ఎంత కావాలి – ఇవన్నీ తేల్చడానికి ఇంజనీర్లు, సాక్ష్యాలు, ఏళ్ల తరబడి విచారణ కావాలి. అందుకని ప్రత్యేక ట్రిబ్యునలు.

1969 ఏప్రిల్ 10న కృష్ణకూ, గోదావరికీ రెండు ట్రిబ్యునళ్లు వేశారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆర్.ఎస్. బచావత్ వాటికి అధ్యక్షులు. కృష్ణలో నూటికి 75 ఏళ్లు నమ్మదగిన నీరు 2060 టి.ఎం.సి.లని లెక్క తేలింది. టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. పొలాల నుంచి తిరిగి నదిలో చేరే నీళ్లు కూడా కలిపి మహారాష్ట్రకు 585, కర్ణాటకకు 734, ఆంధ్రప్రదేశ్‌కు 811 టి.ఎం.సి.లు పంచారు. 1973 డిసెంబరులో మొదటి నివేదిక, 1976 మేలో తుది నివేదిక వచ్చాయి. 1960 నాటికే పారుతున్న పాత ఆయకట్టుకు రక్షణ ఇచ్చారు. మన కృష్ణా డెల్టాకు 181.2 టి.ఎం.సి.లు లెక్కగట్టారు. ఏలూరు కాలువ కింద నారు పోసుకునే ప్రతి మడికీ వెనక ఉన్నది ఈ అంకె.

తలుపు మూసినా కిటికీ తెరిచే ఉంది

కోర్టుల తలుపు మూసినా తగాదా కోర్టుకు పోకుండా ఆగలేదు. నీళ్లు మళ్లీ పంచమని అడగకూడదు గాని, పంచిన తీర్పుకు అర్థం చెప్పమని, అమలు చేయించమని అడగవచ్చు గదా. 1997లో కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ సరిగ్గా ఈ దారినే సుప్రీంకోర్టుకు పోయాయి. మిగులు జలాల పంపకానికి బచావత్ చెప్పిన "స్కీము–బి"ని అమలు చేయించమని కర్ణాటక. ఆల్మట్టి డ్యామును 524.256 మీటర్ల ఎత్తుకు పెంచనివ్వవద్దని ఆంధ్రప్రదేశ్.

2000 ఏప్రిల్ 25న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. స్కీము–బి ట్రిబ్యునలు నిర్ణయంలో భాగం కాదు కనుక దాన్ని అమలు చేయించడం కుదరదంది. ఆల్మట్టి 519.6 మీటర్ల దాకా, అవసరమైన అనుమతులకు లోబడి, కట్టుకోవచ్చునంది. ఇటు పూర్తిగా గెలిచిందీ లేదు, అటు పూర్తిగా ఓడిందీ లేదు.

ఇక్కడితో ఆగిందా? ఆగలేదు. 2004లో న్యాయమూర్తి బ్రిజేశ్ కుమార్ అధ్యక్షతన కృష్ణకు రెండో ట్రిబ్యునలు వేశారు. 2010 డిసెంబరులో ఆ ట్రిబ్యునలు ఆల్మట్టిని 524.256 మీటర్లకు పెంచవచ్చునని చెప్పింది. ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకు పోయింది. తాము మళ్లీ చెప్పేదాకా ఆ నిర్ణయాన్ని గెజెట్‌లో ప్రకటించవద్దని 2011 సెప్టెంబరులో కోర్టు ఆదేశించింది. గెజెట్ కెక్కని తీర్పు కాగితం తీర్పే. 2013లో మరో నివేదిక వచ్చింది. 2014లో రాష్ట్రమే రెండయింది. పాత 811లో ఎవరికెంత అన్నది కొత్త తగాదా అయింది. 2015లో తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని సర్దుకున్నారు. 2023 అక్టోబరులో కేంద్రం ఆ పంపకాన్ని అదే ట్రిబ్యునలుకు అప్పగిస్తే ఆంధ్రప్రదేశ్ దాని మీదా సుప్రీంకోర్టుకు పోయింది.

2004లో రెండో ట్రిబ్యునలు వేసిన ఏడు పుట్టిన పిల్ల ఈపాటికి నాట్లు వేసే చేతికి వచ్చింది. తగాదా మాత్రం తెగలేదు.

కావేరి తగాదాలో మరో కిటికీ తెరుచుకుంది. ట్రిబ్యునలు నిర్ణయం మీద 136వ అధికరణం కింద ప్రత్యేక అనుమతితో అప్పీలు చేసుకోవచ్చునని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. 2018 ఫిబ్రవరి 16న తుది తీర్పులో తమిళనాడు వాటాను 192 నుంచి 177.25 టి.ఎం.సి.లకు తగ్గించి, ఆ తేడా 14.75 కర్ణాటకకు ఇచ్చింది. నది జాతి సంపద, ఏ ఒక్క రాష్ట్రానికీ సొంత ఆస్తి కాదని కూడా చెప్పింది. ఈ మాట మన వాళ్లంతా గుర్తుంచుకోవలసిన మాట. నది రాష్ట్రానికే సొంతం కానప్పుడు, రాష్ట్రంలోని పదిమంది పెద్దలకు ఎలా సొంతమవుతుంది?

కూర్చుంటే తేలింది

గోదావరి సంగతి చూడండి. కృష్ణతో పాటే ట్రిబ్యునలు వేశారు. అయితే 1975 నుంచి 1980 దాకా రాష్ట్రాలే కూర్చుని ఒప్పందాలు రాసుకున్నాయి. 1980 జూలైలో వచ్చిన బచావత్ తీర్పుకు ఎక్కువ భాగం ఆ ఒప్పందాలే ఆధారం. పోలవరం నుంచి కృష్ణకు 80 టి.ఎం.సి.ల గోదావరి నీళ్లు మళ్లిస్తే, బదులుగా పైన కృష్ణలో ఆంధ్రప్రదేశ్ 45, కర్ణాటక 21, మహారాష్ట్ర 14 వాడుకోవాలని అందులోనే ఉంది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతలతో మన పశ్చిమ గోదావరి మీదుగా నీళ్లు కృష్ణకు పారగానే పై రాష్ట్రాలు తమ వాటా అడిగాయి. ఆ 45లో హక్కు తనదని తెలంగాణ అంటోంది. రాసుకున్న మాట మీద తగాదా ఉంటుంది, నిజమే. కాని రాసుకున్న మాట అంటూ ఒకటి ఉండబట్టే అడగడానికీ, చెప్పడానికీ వీలయింది.

2021 ఆగస్టులో కృష్ణా జలాల మీద ఆంధ్రప్రదేశ్ పిటిషను వచ్చినప్పుడు అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ, తాను రెండు రాష్ట్రాలకూ చెందినవాణ్ణని, మధ్యవర్తిత్వంతో తేల్చుకోండని అన్నారు. ఆంధ్రప్రదేశ్ వద్దంది. కేసు మరో ధర్మాసనానికి పోయింది. అన్నదమ్ములు రాజీపడే చోట మీసాలు మెలేసే నాయకులకే ఓట్లు పడతాయనుకుంటే, నీళ్ల తగాదా ఎప్పటికీ పచ్చిగానే ఉంటుంది.

దావాలో కనపడని ముంపు

పోలవరం మీద ఒడిశా 2007లో 131వ అధికరణం కింద దావా వేసింది. తరవాత ఛత్తీస్‌గఢ్ కూడా వేసింది. తమ వైపు ఊళ్లు వెనక నీళ్లలో మునుగుతాయని వాళ్ల వాదన. ఆ మాట చెప్పుకోవడానికి వాళ్లకు రాష్ట్రం ఉంది. మరి ఇవతల వేలేరుపాడు, కుకునూరు మండలాల కోయలకు, కొండరెడ్లకు? 2014లో ఆ మండలాలను తెలంగాణ నుంచి తీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ప్రాజెక్టు కట్టే రాష్ట్రం, మునిగే ఊళ్ల రాష్ట్రం ఒకటే అయింది. అంటే కోర్టులో వీళ్ల తరఫున నిలబడవలసిన ప్రభుత్వం, వీళ్లను లేపవలసిన ప్రభుత్వం కూడా ఒకటే. డ్యాము నిండు మట్టం 150 అడుగులు. లేవవలసిన కుటుంబాలు లక్షకు పైగా. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఈ మండలాల ఊళ్లు నీళ్లలో మునిగాయి. ఆ జనం గుట్టలెక్కి కూర్చున్న సంగతి ఏ దావాలో వాది చెప్పుకుంటాడు?

వాళ్లకు వేరే దారులు లేకపోలేదు. ప్రాథమిక హక్కు పోతే 32వ అధికరణం కింద ఎవరైనా సుప్రీంకోర్టుకు, 226 కింద హైకోర్టుకు పోవచ్చు. 1997లో గిరిజన భూముల మీద సమతా సంస్థ గెలిచిన తీర్పు అలా పోరాడి తెచ్చుకున్నదే. కాని ఆ దారిలో వకీలు, ఖర్చు, ఢిల్లీ రైలు చార్జీ అన్నీ మనవే. వెనక సంఘం లేకుండా ఒక్కడు ఆ దారిన నడవలేడు.

కొల్లేరు నేర్పిన పాఠం

కొల్లేటిది రాష్ట్రాల మధ్య తగాదా కాదు. అయినా పెద్ద కోర్టు మాట ఊరి దాకా ఎలా వస్తుందో అక్కడే చూశాం. 1970వ దశకంలో పేదల సహకార సంఘాల పేరున కొల్లేట్లో చేపల చెరువులు తవ్వారు. పోనుపోను డబ్బున్నవాళ్లు లీజుల పేరుతో, బినామీ పేరుతో చేరారు. 1999 అక్టోబరులో 120 నంబరు జీ.వో.తో ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, పక్షుల అభయారణ్యం అన్నారు. అడవుల కేసులో సుప్రీంకోర్టు వేసిన సాధికార కమిటీ సిఫార్సు మీద 2006లో కోర్టు ఉత్తర్వు వచ్చింది. గట్లు తెగ్గొట్టారు.

సరస్సును ఆక్రమణల నుంచి కాపాడాలన్న మాట తప్పని మేము అనం. కొల్లేరు పూడితే బుడమేరు వరద ఎక్కడికి పోవాలి? 2024 సెప్టెంబరులో బెజవాడ మునిగినప్పుడు అందరికీ తెలిసొచ్చింది. మంచినీళ్లు తగ్గితే ఉప్పుటేరు వెంట ఉప్పునీళ్లు ఎగదన్నుతాయనీ లంక గ్రామాల వాళ్లకు తెలుసు. కాని గట్టు తెగినప్పుడు ఏం జరిగింది? పెట్టుబడి పెట్టినవాడు మరో ఊళ్లో మరో చెరువు తవ్వుకున్నాడు. వలకట్టు మీద, చెరువు పని మీద బతికేవాడు వీధిన పడ్డాడు. కొన్నాళ్లకు డబ్బున్నవాళ్ల గట్లు మళ్లీ లేచాయి. పేదవాడి బతుకు మళ్లీ లేవలేదు. ఉత్తర్వులో అందరూ సమానమే. అమలులోనే తేడా.

నీళ్ల పంపకానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. కోర్టు రాష్ట్రానికి ఇన్ని టి.ఎం.సి.లని చెబుతుంది. ఆ నీళ్లు తల దగ్గర ఆగాయా, శివారు బోదె దాకా వచ్చాయా, వరికి పారాయా, చేపల చెరువు నింపాయా అన్నది కోర్టు చూడదు. వరి చేను చెరువైన చోట ఊడ్పూ లేదు, కోతా లేదు. కాలువ అంతే పారుతుంది. పని మాత్రం పోతుంది. నీటి సంఘాల్లో ఓటు భూమి రికార్డు ఉన్నవాడికే. భూమి దున్నే కౌలుదారుకు కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం యజమాని సంతకం కావాలి. కూలివాడికి అసలు చోటే లేదు.

మనం చేయవలసింది

కోర్టులు వద్దని మేము అనడం లేదు. కోర్టు రాష్ట్రానికి వాటా తేల్చగలదు. ఆ రాష్ట్రం లోపల ఎవరి వాటా ఎంతో తేల్చుకోవలసింది మనం. రాష్ట్రం మన పేరు మీద కోర్టులో నిలబడుతున్నది కాబట్టి మన పేరు మీద ఏం చెబుతున్నదో అడిగే హక్కు మనకుంది.

ఒకటి – నీళ్ల కేసుల్లో ప్రభుత్వం కోర్టుల్లో, ట్రిబ్యునళ్లలో దాఖలు చేసే ప్రమాణ పత్రాల సారాంశాన్ని తెలుగులో ప్రకటించాలి. గ్రామ సభల్లో చదివి వినిపించాలి.

రెండు – దాళ్వా కాలువలకు నీళ్లివ్వలేమని ముందే ప్రకటించిన చోట, రైతుతో పాటు కూలీల పనిదినాల నష్టాన్నీ లెక్కగట్టాలి. ఆ కాలంలో డ్రెయిన్ల పూడికతీత వంటి ఉపాధి పనులు ఆ ఊళ్లలోనే పెట్టాలి.

మూడు – శివారు భూములకు వంతు ఎప్పుడో లాకుల దగ్గర బోర్డు మీద రాయాలి. నీటి సంఘాల్లో కౌలుదార్లకు, వ్యవసాయ కార్మికులకు చోటివ్వాలి.

నాలుగు – పునరావాసం పూర్తి కాకుండా పోలవరంలో నీళ్లు నిలపకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. నీళ్ల తగాదా రాగానే రెండు రాష్ట్రాల్లోనూ పెద్దలు మైకులు పట్టుకుని, అవతలివాడు మన నోటి దగ్గర కూడు లాక్కుంటున్నాడని అరుస్తారు. పాలమూరు కూలి ఎన్నో ఏళ్లుగా పొట్ట చేతపట్టుకుని వలస పోయినవాడు. నల్లగొండ పల్లెలు ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయిన పల్లెలు. వాళ్లు నీళ్లడిగితే మన శత్రువులెలా అవుతారు? కృష్ణా నీళ్లు సాగర్ దగ్గర ఆగినా, ఏలూరు కాలువలో తల దగ్గరే ఆగినా, పస్తుండేది కూలివాడే. రెండు రాష్ట్రాల వ్యవసాయ కార్మికులు, పేద రైతులు ఒకచోట కూర్చుని, కరువు ఏట ముందు తాగునీరు, తరవాత పాత ఆయకట్టు, తరవాత మిగతావి అని ఒక మాట అనుకుంటే, ప్రభుత్వాలు ఆ మాట వినక తప్పదు. 1975లో ప్రభుత్వాలు కూర్చుని రాసుకోగలిగినప్పుడు, జనం కూర్చోలేరా?

వచ్చే గ్రామ సభలో ఒక్క ప్రశ్న అడగండి: "మా కాలువకు లెక్కగట్టిన నీళ్లెన్ని? పోయినేడు వచ్చినవెన్ని?" జవాబు రాసివ్వమనండి. ఢిల్లీలో వాదన ఎన్నాళ్లు సాగినా, ఆ లెక్క మాత్రం మన ఊళ్లోనే తేలాలి.